పరామర్శకి సరిపడా స్పానిష్

ఒకటి అనడం రాని మనిషికి నేను ఎనిమిది నెలలపాటు స్పానిష్ చెప్పేను. లెక్కలు రాక కాదు. వేలి కణుపుల మీద "లాభం, రెండు, మూడు" అనుకుంటూ పోయేవారు. మా కోనసీమలో కాయలు లెక్కపెట్టేవాళ్ళూ, ధాన్యం కొలిచేవాళ్ళూ మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. కొబ్బరికాయలకి అది బాగానే ఉంటుంది. స్పానిష్‌లో ప్రతి క్రియకీ ఆరు రూపాలుంటాయి. నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు. వాటినీ అలాగే లెక్కపెడితే? "లాభం, కోసినాబా. రెండు, కోసినాబాస్. మూడు, కోసినాబా." అంటే వండేవాణ్ణి, వండేవాడివి, వండేవాడు. వెనక బెంచీల్లో ఆడపిల్లలు చున్నీలు నోటికి అడ్డం పెట్టుకునేవారు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు, ఒళ్ళు మండేది.

పోయిన నెల ఆయన నంబరు నుంచి ఫోనొచ్చింది. పొద్దున్న ఏడు కూడా కాలేదు. రోజూ గులాబీపువ్వు బొమ్మ మీద శుభోదయం రాసి పంపే మనిషి, ఇవాళ ఏకంగా ఫోనే చేసేరా అనుకుని, "ఏంటి బాబాయ్ గారూ, ఇంత పొద్దున్నే!" అని విసుక్కున్నాను.

అవతల ఒకావిడ గొంతు వినిపించింది. "నేను ఆయన భార్యనండి మేడమ్ గారండీ. రాత్రి ఆయన పోయేరండి. గుండెపోటంటండి. ఫోన్లో మీ నంబరు పైనే ఉందండి, మీకు చెప్పాలి కదాని చేసేనండి."

పోయిన మనిషికి నేను అప్పజెప్పిన ఆఖరి మాట విసుగు. ఇది నాకు నేను పెట్టుకున్న శిక్ష కాదు, జరిగిందే చెబుతున్నాను.

అమలాపురంలో స్పానిష్ ఏంటని మీరూ అడుగుతారు. అందరూ అడుగుతారు. ఎరువుల కొట్టు మేడ మీద ఒక గది, అందులో ఆరు బెంచీలు, ఒక బోర్డు. స్పెయిన్ వెళ్ళి నర్సులుగా చేరదామనుకునే పిల్లలు, కొబ్బరిపొట్టు దిమ్మలు ఎగుమతి చేసే కంపెనీల కుర్రాళ్ళు వస్తారు. నేను హైదరాబాదులో చాలా ఏళ్ళు ఫోనులో మెక్సికో వాళ్ళ ఫిర్యాదులు విని విని, మా ఆయన ఉద్యోగం ఇటు మారితే ఇక్కడికొచ్చేను. నా దగ్గర సిలబస్ ఉంది, పరీక్షలున్నాయి, వరసక్రమం ఉంది. ఆ వరసక్రమం మీదే ఆయన వచ్చి కూర్చున్నారు.

మొదటిరోజు చెప్పులు కింద మెట్ల దగ్గరే విడిచి, గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, గుమ్మం బయట నిలబడ్డారు. అరవై దాటిన మనిషి. తెల్ల చొక్కా, నీలం గళ్ళ లుంగీ. లోపలికి రమ్మని మూడుసార్లు చెప్తే గానీ రాలేదు.

"ఏ లెవెల్లో చేరతారండీ?" అన్నాను.

"లెవెళ్ళు వద్దండి. ఒక మనిషి ఏం చేసేవారో, ఎలా మసిలేవారో చెప్పాలండి. అంతమట్టుకు నేర్పండి చాలు."

"అలా మధ్యలోంచి నేర్పరండీ. ముందు వర్తమానకాలం నేర్చుకోవాలి, ఆ తర్వాతే..."

"వర్తమానం వద్దండి. ఆయన లేరు కదండీ."

సంగతేంటో లాగితే మెల్లగా బయటపడింది. ఆయనది మలికిపురం అవతల సముద్రం వైపు ఊరు. చేపల వేట మీద బతికే ఇంట్లో పుట్టి, వేట తగ్గేక సరుకుల ఓడ ఎక్కేరు. ఓడ వంటింట్లో సహాయం. పెద్ద వంటాయనది పెరూ దేశం. ఆ ఇద్దరూ ఒకే వంటింట్లో పదకొండేళ్ళు పనిచేసేరు. వాళ్ళ మధ్య ఉన్న భాషంతా కలిపి నలభై మాటలు: ఉప్పు, కత్తి, ఉల్లిపాయ, చాలు, తొందరగా. తర్వాత ఆ వంటాయన జబ్బుచేసి దిగిపోయి, సొంతూళ్ళో పోయేరు. ఆయనకి ఒక్కతే కూతురు. తల్లి కూడా లేదు. ఆ పిల్ల ఎక్కడో పాత ఫొటో పట్టుకుని, వెతికి వెతికి మా బాబాయ్ గారికి సందేశం పెట్టింది. ఫోను తెలుగు చేసిచ్చిన ఆ నాలుగు ముక్కలూ నాకు చూపించేరు. "మా నాన్న ఏడాదికి నెల్లాళ్ళు ఇంట్లో ఉండేవాడు. ఆయన ఎలాంటి మనిషో నాకు తెలియదు. మీరు పదకొండేళ్ళు చూసేరు. నాకు చెప్తారా?"

"ఇది తెలుగు చేసిన ఫోనే మీ జవాబు స్పానిష్ చేసి పెడుతుంది కదండీ" అన్నాను. నాకు రావలసిన ఫీజు పోయినా ఫరవాలేదు, ఈ గొడవ తప్పుతుందని నా ఆశ.

ఆయన నా వైపు జాలిగా చూసేరు. "పరామర్శకి మనిషిని పెట్టి పంపుతామా అండీ?"

మా వైపు ఎవరైనా పోతే, పోయినవాళ్ళతో మసిలిన మనిషి వాళ్ళింటికి వెళ్ళి కూర్చుని, సొంత నోటితో చెప్పాలి. ఇలా అనేవాడమ్మా, అలా చేసేవాడమ్మా అని. ఆ పిల్లకి తన తండ్రి గురించి చెప్పగలిగినవాడు ఈ భూమ్మీద ఈయనొక్కడే. ఈయనకా, నోరు లేదు. సరేనని చేర్చుకున్నాను. అక్కడే తప్పు చేసేనని ఎనిమిది నెలలు అనుకున్నాను.

నిజానికి స్పానిష్‌లో అంతకంటే తేలికైన కాలం లేదు. మన తినేవాడు, నవ్వేవాడు లాంటిదే. 'ఆర్' తో ముగిసే క్రియలకి 'ఆబా' తగిలించాలి, 'ఏర్', 'ఈర్' తో ముగిసేవాటికి 'ఈయా'. నియమం తప్పేవి భాష మొత్తంలో మూడంటే మూడు. మా నర్సు పిల్లలు రెండు రోజుల్లో గడగడ అప్పజెప్పేస్తారు. ఈయనకి రెండు నెలలైనా 'ఆబా' తగిలించాల్సిన చోట 'ఈయా', 'ఈయా' తగిలించాల్సిన చోట 'ఆబా'. చెప్పింది విన్నంతసేపూ "ఆయ్" అనేవారు. అర్థమైనా ఆయ్, కాకపోయినా ఆయ్. ఏ ఆయ్ ఏదో తెలుసుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

పోనీ చెప్పినవి నేర్చుకుంటారా అంటే, పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పలకరింపులు నేర్పబోతే వద్దన్నారు. "పరామర్శకి వెళ్ళి గుడ్ మార్నింగ్ అంటామా అండీ?" ఒక్కసారి జరిగి ముగిసిపోయిన పనులకి స్పానిష్‌లో వేరే భూతకాలం ఉంది, అది లేకపోతే కథ నడవదు బాబాయ్ గారూ అని మొత్తుకున్నాను. "ఒక్కసారి జరిగింది పోవడం ఒక్కటేనండి. అది ఆ పిల్లకి తెలుసు కదండీ" అన్నారు. నియమం తప్పే మూడు క్రియలైనా నేర్చుకోమన్నాను. అందులో మొదటిది 'ఉండేవాడు', మంచివాడై ఉండేవాడు అనడానికి కావాలి. ఆ మాట 'ఎరా'. బోర్డు మీద రాసి చదివేను.

"ఏంటండీ?"

"ఎరా."

"పోయిన పెద్దమనిషిని పట్టుకుని ఏరా అంటానా అండీ?" అని, క్లాసంతా ఘొల్లుమంటే ఆ నవ్వు ఆగేదాకా తల వంచుకుని కూర్చుని, "మంచివాడని చెప్పక్కర్లేదండి. ఏం చేసేవారో చెప్తే ఆవిడకే తెలుస్తుందండి" అన్నారు.

అన్నిటికన్నా నన్ను చంపేసింది ఆయన మర్యాద. మనం పెద్దవాళ్ళని బహువచనంలో అంటాం కదా, వండేవారు, నవ్వేవారు అని. ఆయన స్పానిష్‌లో కూడా అదే చేసేవారు. ఒక్క వంటాయనకి 'కోసినాబా' అనాలి. ఈయన 'కోసినాబాన్' అనేవారు. చివర న్ పెడితే వండింది ఒకడు కాదు, ఒక గుంపు. దిద్దేను. మళ్ళీ దిద్దేను. ఎర్ర సున్నా చుట్టేను. ఒకరోజు ఓపిక చచ్చి అరిచేసేను కూడా. "ఎన్నిసార్లు చెప్పాలండీ! చిన్నపిల్లలకి వారంలో వస్తుంది! మీ వంటాయన ఒక్కడా, పదిమందా?"

ఆయనకి కోపం రాలేదు. "ఒక్కరేనండి" అన్నారు మెల్లగా. "కానండి, పోయినవాళ్ళని వాడు అంటే నోరు రాదండి."

అప్పుడైనా నాకు సిగ్గేయాలి. వేయలేదు. గోడకి చెప్పుకున్నట్టుందని చాక్‌పీసు బల్ల మీద పడేసి, మిగతావాళ్ళ పాఠంలోకి వెళ్ళిపోయేను.

హోంవర్కుకి పది వాక్యాలు రాసుకు రమ్మంటే ఒకే ఒక్క వాక్యం, అదీ తెలుగులో, బస్సు టిక్కెట్టు వెనకాల రాసుకొచ్చేవారు. ఆ వాక్యాలు మాత్రం నాకు ఇప్పటికీ నోటికొచ్చు. "ఉల్లిపాయలు కోసేటప్పుడు పళ్ళ మధ్య అగ్గిపుల్ల పెట్టుకునేవారు." "ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకుని తొడుక్కునేవారు, ఓడలో వెళ్ళడానికి ఎక్కడా ఉండదు, అయినా తొడుక్కునేవారు." "నా మీద అరిచిన రోజు నా గిన్నెలో రెండు ముక్కలు ఎక్కువ వేసేవారు." ఒకరోజు, "కూతురు ఫొటో పిండిడబ్బా మూతకి లోపలివైపు అంటించుకున్నారు. రోజూ చూసేవారు" అని తెచ్చేరు.

"చూడటం నియమం తప్పే క్రియ బాబాయ్ గారూ. అవి మీరు వద్దన్నారు" అన్నాను. కక్ష తీర్చుకున్నానన్నమాట.

టిక్కెట్టు వెనక్కి తీసుకుని చాలాసేపు ఆలోచించేరు. "తెరవడం మామూలుదేనాండీ?"

"అది మామూలుదే."

"అయితే రోజూ డబ్బా తెరిచేవారు అంటానండి. పిండి అక్కర్లేకపోయినా తెరిచేవారు."

ఎనిమిదో నెలలో ఫోనులో ఆ పిల్లతో మాట్లాడటానికి రోజు పెట్టమన్నారు. మంగళవారం పనికిరాదు, మంగళవారం పరామర్శకి వెళ్ళరు. మనకి తెల్లారేసరికి వాళ్ళకి ఇంకా ముందురోజు రాత్రి. బుధవారం పొద్దున్న పెడదామంటే, అప్పటికి వాళ్ళకి మంగళవారమే కదండీ అన్నారు. ఎవరి మంగళవారం లెక్కలోకి వస్తుందో తేలక మూడు వారాలు వాయిదా పడింది. ఆ మూడు వారాలూ ఆ పిల్లకి సందేశాలు పెట్టి క్షమాపణలు చెప్పుకున్నది నేను.

చివరికి గురువారం పొద్దున్నే వచ్చేరు. తలస్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని. టీ ఇస్తే ముట్టుకోలేదు. ఫోను పుస్తకాలకి ఆనించి పెట్టేను. తెర మీద ఆ పిల్ల కనిపించింది. పాతికేళ్ళుంటాయేమో, గుండ్రటి మొహం. నవ్వి పలకరించింది.

ఈయన పలకలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నారు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఆ పిల్ల నవ్వు మెల్లగా ఆగిపోయింది. నేను బల్ల కింద నుంచి ఆయన కాలు తొక్కుతున్నాను. ఎనిమిది నెలల చాకిరీ ఇలా బూడిదలో పోసిన పన్నీరవుతుందా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు మొదలుపెట్టేరు. పదకొండు వాక్యాలు. అన్నిటికీ చివర న్. ఒక్కటీ సరైన ఏకవచనం కాదు. ఉల్లిపాయలు, అగ్గిపుల్ల, ఆదివారం చొక్కా. ఒక్కో వాక్యం అయ్యేక కాస్త ఆగి, ఆ పిల్ల మొహం చూసి, తర్వాతది చెప్పేరు. పిండిడబ్బా దగ్గరకొచ్చేసరికి ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ పదకొండూ అయిపోయేయి. ఆయన లేచి, ఎర్ర బటను నొక్కి, ఫోను కట్టేసేరు.

"ఏంటండీ ఇది!" నా అరుపు కింద ఎరువుల కొట్టులోకి వినపడే ఉంటుంది. "ఆ పిల్ల ఏడుస్తోంది! ఒక్క మాట చెప్పి పెట్టెయ్యొచ్చు కదా! వెళ్ళొస్తానని చెప్పడానికి మీ నోరు పోయిందా?"

"పరామర్శకి వెళ్ళి వెళ్ళొస్తానని అనకూడదు కదండీ" అన్నారాయన, అది కూడా తెలియదా అన్నట్టు. గొడుగు తీసుకుని మెట్లు దిగిపోయేరు.

పావుగంటలో సందేశం. "నేనేమైనా తప్పు మాట్లాడేనా? ఆయనకి కోపమొచ్చిందా? ఉల్లిపాయలు కోసింది చాలామంది అంటున్నారు, వాళ్ళంతా ఎవరు?" నర్సు పిల్లలు వచ్చి కూర్చున్నా పట్టించుకోకుండా, గంటసేపు కూర్చుని రాసేను. న్ అంటే గౌరవమనీ, వెళ్ళొస్తాననకపోవడం మా ఆచారమనీ, ఫోనుకి అప్పజెప్పకుండా సొంత నోటితోనే చెప్పాలని ఈయన ఎనిమిది నెలలు నన్ను కాల్చుకు తిన్నారనీ. చాలాసేపటికి ఒక్క ముక్క వచ్చింది. "అర్థమైంది. మా నాన్నని అంత గౌరవంగా ఎవరూ పిలవలేదు."

ఆ తర్వాత ఆయన క్లాసుకి రాలేదు. ఫోను చేసి అడిగితే, "పని అయిపోయింది కదండీ" అన్నారు. నాకు మళ్ళీ కోపమొచ్చింది. అప్పుడే కదా కాస్త దారిలో పడింది, ఇంకో రెండు నెలలుంటే రెండో భూతకాలం కూడా వచ్చేసేది. రోజూ గులాబీపువ్వులు మాత్రం వచ్చేవి. నేను తెరిచి చూసేదాన్ని కాదు.

ఆయన పోయిన సంగతి ఆ పిల్లకి నేనే చెప్పాల్సొచ్చింది. పోయేరు అన్న ఒక్క మాట స్పానిష్‌లో రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. జవాబు వెంటనే వచ్చింది. "నాన్న ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఆయన గురించి ఉంది. ఆయన భార్యతో మాట్లాడాలి."

"చెప్పమ్మా, నేను తెలుగులో చెప్తాను" అని రాసేను.

"మీరు వద్దు. నేనే చెప్పాలి కదా? తెలుగులో నేర్పండి."

దేవుడా, ఇంకో మొండిఘటం! రెండు వాక్యాలకి పది రోజులు. ఆ పిల్ల "వాడు" అంటుంది, తేలిగ్గా ఉందని. అలా అనకూడదు తల్లీ, వారు అనాలి అని నేను పట్టుబట్టేను. నోరు తిరక్క విసుక్కుంది. నాకు మాత్రం లోలోపల సంతోషంగా ఉంది, విసుగంటే ఏంటో ఇంకొకరికి తెలుస్తున్నందుకు.

బాబాయ్ గారి పదకొండోరోజు కర్మ కూడా అయిపోయేక మొదటి బస్సుకి మలికిపురం వెళ్ళి, అక్కణ్ణించి ఆటోలో వాళ్ళూరు వెళ్ళేను. పిన్ని గారు వసారాలో చాప వేసేరు. సన్నగా, గట్టిగా ఉన్న మనిషి. ఫోను స్టీలు చెంబుకి ఆనించి, ఎవరు మాట్లాడబోతున్నారో చెప్పేను. ఆవిడ కొంగు సర్దుకుని తెర వైపు చూసేరు.

"ఆయన రోజూ పిండి కలిపేవారు" అంది ఆ పిల్ల, ఒక్కో ముక్కా విరిచి విరిచి.

పిన్ని గారు తలూపేరు. ఓడలో వంటపనని ఆవిడకి తెలుసు.

"ఆయన రోజూ పాడేవారు."

ఆవిడ నా వైపు తిరిగేరు. "ఎవరి గురించండీ?"

"బాబాయ్ గారి గురించేనండీ."

"మా ఆయనా? పాడేవారా?" ఆవిడకి నవ్వూ ఏడుపూ కాని శబ్దమేదో వచ్చింది. "ముప్పై ఏళ్ళ కాపురమండి. కూనిరాగం కూడా వినలేదండి నేను. వచ్చిన నెల్లాళ్ళూ పడుకుని, లేచి, మళ్ళీ వెళ్ళిపోయేవారండి. మానేసి వచ్చేక అయితే అసలు మాటే లేదండి. ఏం పాటో అడగండి మేడమ్ గారండీ. అడగండి."

అడిగేను. ఆ పిల్ల కాగితాలు తిరగేసి, వెతికి, తండ్రి ఉత్తరం చదివింది. మా ఇండియా వాడు గిన్నెలు తోముతూ పాడతాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాదు, వాడు ఆపితే నాకు వంట కుదరదు. అంతే ఉంది. పాటేంటో లేదు. ఉండదు కూడా, ఆయనకేం తెలుసు? మళ్ళీ అన్ని కాగితాలూ చూడమన్నాను. చూసింది. లేదంది. లేదన్న సంగతి పిన్ని గారికి నేనే తెలుగులో చెప్పాల్సొచ్చింది.

ఆవిడ కాసేపు చాప అంచు దువ్వుతూ కూర్చున్నారు. తర్వాత, "మీ దగ్గరకి ఎనిమిది నెలలు వచ్చేరు కదండీ" అన్నారు. "మీ దగ్గరైనా పాడేరాండీ ఎప్పుడైనా?"

వానాకాలంలో ఒకరోజు, పిల్లలెవరూ రాలేదు, ఆయనొక్కరే వచ్చేరు. పాడటం అనే క్రియ చెబుతున్నాను. ఆయన గొంతు సవరించుకుని, "ఓడలో నేనొకటి పాడేవాణ్ణండి. ఆయన అడిగి మరీ పాడించుకునేవారండి. పాడనాండీ?" అన్నారు. నేను గడియారం చూసేను. "పాటలు తర్వాత బాబాయ్ గారూ, ముందు ఆరు రూపాలూ అప్పజెప్పండి" అన్నాను. ఆయ్ అని అప్పజెప్పేరు. ఆ ఒక్కరోజే, ఒక్క తప్పు లేకుండా.

పిన్ని గారు నా మొహంలోకే చూస్తున్నారు. ఫోనులో ఆ పిల్ల కూడా, మాట అర్థం కాకపోయినా, నా కోసమే ఎదురుచూస్తోంది.

"పాడతానన్నారండీ ఒకసారి" అన్నాను. "నేనే వద్దన్నానండీ."